మ్యాట్‌ప్లాట్‌లిబ్ గ్రాఫ్ తప్పు చెప్తుంటే ఎక్కడ వెతకాలి

నల్గొండలో డిగ్రీ పిల్లలకు సాయంత్రం పూట పైథాన్ చెప్తుంటాను. మొన్న ఒక అమ్మాయి తన ప్రాజెక్టు పట్టుకొచ్చింది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఊర్లలో బోరు నీళ్ల ఫ్లోరైడ్ లెక్కలు, ఊరికో రీడింగ్. వాటిని, పైథాన్‌లో గ్రాఫ్‌లు గీసే లైబ్రరీ అయిన మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో గ్రాఫ్ గీసింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. ఆ 1.5 దగ్గర అడ్డంగా ఒక ఎర్ర గీత కూడా పెట్టింది.

"సార్, ప్రోగ్రాం మంచిగనే నడిచింది. ఎర్రర్ ఏం రాలే. కానీ గ్రాఫ్ చూస్తే ఏదో తేడా కొడుతోంది" అంది.

దగ్గరికి జరిగి చూశాను. 3.4 రీడింగ్ ఉన్న ఊరు ఎర్ర గీత కింద ఉంది, అంటే నీళ్లు మంచివని. 0.9 ఉన్న ఊరు గీత పైన ఉంది, అంటే ప్రమాదమని. ఎడమ పక్క స్కేలు చదివితే కింది నుంచి పైకి 3.4, 2.8, 0.9, బిడిఎల్, 1.2 అని ఉన్నాయి. ఒక వరుస లేదు, పాడు లేదు. అంకెల మధ్య దూరం మాత్రం అన్నిటికీ సమానంగా ఉంది.

"నీ ఫైల్‌లో బిడిఎల్ అని ఎన్ని గడుల్లో ఉంది బిడ్డా?" అని అడిగాను.

"ఒక్కదాంట్లోనే సార్."

ఆ ఒక్క గడే మొత్తం గ్రాఫ్‌ను తలకిందులు చేసింది. ఫ్లోరైడ్ మోతాదు పరికరం పట్టుకోగలిగిన దానికంటే తక్కువ ఉన్నప్పుడు ల్యాబ్ వాళ్లు రిపోర్టులో అంకెకు బదులు బిడిఎల్ (బిలో డిటెక్షన్ లిమిట్) అని రాస్తారు. డేటా ఫైళ్లు చదివే పాండాస్ అనే లైబ్రరీ ఒక కాలమ్ చదివేటప్పుడు అందులో అంకెగా మార్చలేని మాట ఒక్కటి కనిపించినా ఆ కాలమ్ మొత్తాన్నీ అక్షరాలుగానే ఉంచేస్తుంది. అప్పటి నుంచి 3.4 అంటే మూడున్నరకు కాస్త తక్కువ అని కాదు, 'మూడు, చుక్క, నాలుగు' అనే పదం. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు పదాలు ఇస్తే వాటిని రకాలుగా లెక్కేస్తుంది. ఫైల్‌లో ముందు వచ్చిన పదానికి 0వ స్థానం, తర్వాతి దానికి 1, ఆ తర్వాతి దానికి 2. విలువతో దానికి పని లేదు. మనం పెట్టిన ఎర్ర గీత మాత్రం అసలు అంకె కాబట్టి 1.5 స్థానంలో, అంటే రెండో పదానికీ మూడో పదానికీ సరిగ్గా మధ్యలో వెళ్లి కూర్చుంది. ఫైల్‌లో మొదట రాసిన రెండు ఊర్లు ఏవైతే అవి గీత కిందికి పోయాయి, అంతే.

మా జిల్లాలో ఫ్లోరైడ్ అంటే పాఠం పేరు కాదు. వంకర తిరిగిన కాళ్లు, గార పట్టిన పళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ పేరే పెట్టుకుంది. అలాంటి చోట ఈ గ్రాఫ్ ఎవరి చేతికైనా పోతే చెడ్డ నీళ్ల ఊరిని మంచిదనుకుంటారు. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో వచ్చే సమస్యల గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఇదే. ఎర్ర అక్షరాల ఎర్రర్ వస్తే టెన్షన్ పడకండి, అది ఎక్కడ తప్పో చెప్తుంది. ఏ ఎర్రరూ లేకుండా అందంగా వచ్చిన గ్రాఫ్‌నే రెండుసార్లు చూడండి.

ఇందులో ఇంకో సంగతి ఉంది. కాలమ్‌లోని పదాలన్నీ అంకెలుగా మార్చదగ్గవే అయితే, 'ఇవి అంకెల్లా ఉన్నాయి, మార్చుకోండి' అని మ్యాట్‌ప్లాట్‌లిబ్ లోపల ఒక సమాచారం నమోదు చేస్తుంది. కానీ అది హెచ్చరిక స్థాయిది కాదు కాబట్టి మామూలుగా మన కంటికి కనిపించదు. మధ్యలో బిడిఎల్ లాంటిది ఉంటే ఆ మాటా ఉండదు. అదే ఆ కాలమ్‌లో బిడిఎల్‌తో పాటు ఒక గడి ఖాళీగా కూడా ఉండి ఉంటే, పదాల మధ్య దశాంశ సంఖ్య వచ్చిందని టైప్ ఎర్రర్ వచ్చి పని ఆగిపోయేది. ఆగిపోతేనే మేలు.

దీనికి మందు గీయడానికి ముందే వేయాలి. డేటా చదివిన వెంటనే డిటైప్స్ చూడాలి, ఏ కాలమ్‌లో ఏ రకం డేటా ఉందో అది చెప్తుంది. అంకెల కాలమ్ పక్కన ఫ్లోట్ అనో ఇంట్ అనో ఉండాలి. ఆబ్జెక్ట్ అనో స్ట్రింగ్ అనో ఉంటే అక్కడే ఆగాలి. పాండాస్‌లోని టు_న్యూమరిక్ ఫంక్షన్‌కు ఎర్రర్స్ దగ్గర కోయర్స్ అని ఇస్తే, అంకె కానిదాన్ని ఖాళీగా మార్చి మిగతావాటిని అంకెలు చేస్తుంది. మార్కెట్ యార్డు ధరల్లో '7,020' అని కామా ఉంటే కూడా ఇదే గొడవ. అక్కడ ఫైల్ చదివేటప్పుడే థౌజండ్స్ అనే ఆప్షన్‌కు కామా ఇవ్వాలి. కోయర్స్ వాడితే కామా ఉన్న ధరలన్నీ ఖాళీలైపోతాయి. అది ఇంకో చప్పుడు లేని తప్పు. అందుకే మార్చిన తర్వాత ఎన్ని గడులు ఖాళీ అయ్యాయో లెక్కపెట్టుకోవాలి.

బిడిఎల్‌ను ఖాళీ చేయడం సరైనదేనా అని ఆ అమ్మాయే అడిగింది. మంచి ప్రశ్న. ఖాళీ అంటే కొలవలేదని. బిడిఎల్ అంటే కొలిచారు, దొరకనంత తక్కువ ఉందని. రెండూ ఒకటి కాదు. సున్నా రాసినా తప్పే. నా ఉద్దేశంలో ఆ ఊరిని గ్రాఫ్‌లో విడిగా, లోపల రంగు లేని చుక్కతో చూపించి, కింద ఒక వాక్యం రాయడం న్యాయం. కొన్ని ఫైళ్లలో రీడింగ్ లేనిచోట మైనస్ 999 అని నింపుతారు. దాన్ని అట్లాగే గీస్తే మిగతా విలువలన్నీ పైన ఒక గీతలా అతుక్కుపోతాయి. ఫైల్ చదివేటప్పుడే అది ఖాళీ అని చెప్పాలి.

తారీఖుల దగ్గర కూడా ఇట్లాంటి మోసమే ఉంది. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. పాండాస్‌కు ఏమీ చెప్పకపోతే అది నెల ముందు అనుకుంటుంది. ఒక పిల్లవాడు నాగార్జునసాగర్ నీటిమట్టాన్ని నెలకొక రీడింగ్ చొప్పున ఏడాదికి రాసుకొచ్చాడు. ప్రతి నెలా 1వ తారీఖు లెక్క. 01-01, 01-02, 01-03 అట్లా 01-12 వరకు. గ్రాఫ్ గీస్తే ఆకారం బాగానే ఉంది. వేసవిలో దిగింది, వానాకాలంలో వరద రాగానే 590 అడుగుల పూర్తి మట్టం వైపు ఎక్కింది. కింద స్కేలు చూస్తే మాత్రం ఏడాదంతా జనవరి 1 నుంచి 12 లోపే అయిపోయింది. పన్నెండు నెలలూ పన్నెండు రోజులైపోయాయి. సాగర్ డ్యాం పన్నెండు రోజుల్లో ఖాళీ అయి మళ్లీ నిండిందంటే నమ్ముతామా? సాగర్ తీరు తెలిసినవాళ్లం కాబట్టి పట్టుకున్నాం. తెలియని డేటా అయితే దాటిపోయేది. తారీఖు మార్చేటప్పుడు డేఫస్ట్‌కు ట్రూ ఇవ్వడం ఒక దారి. ఫార్మాట్ ఏమిటో పూర్తిగా రాసి ఇవ్వడం ఇంకా గట్టి దారి, ఎందుకంటే అందులో ఇమడని తారీఖు ఒక్కటి వచ్చినా ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది.

తారీఖులను అసలు మార్చకుండా అక్షరాలుగానే గీస్తే ఏమవుతుందో చాలామందికి అనుభవమే. 365 తారీఖులూ కింద ఒకదాని మీద ఒకటి పడి నల్లటి పట్టీలా కనిపిస్తాయి. పిల్లలు వెంటనే అక్షరాలు తిప్పుతారు, సైజు తగ్గిస్తారు. జబ్బు అక్కడ లేదు. నిజమైన తారీఖులుగా మార్చితే స్కేలు తనంతట తానే నెలలవారీగా సర్దుకుంటుంది. గీత ముందుకూ వెనక్కూ పోయి సాలెగూడులా వస్తే మాత్రం తారీఖులు వరుసలో లేవని అర్థం, ముందు సార్ట్ చేసుకోవాలి.

ఇక ఈ లైబ్రరీ పుట్టుక తెలిస్తే కొన్ని చిక్కులు తేలిగ్గా విడిపోతాయి. జాన్ హంటర్ అనే న్యూరోబయాలజీ పరిశోధకుడు మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను తెరమీద చూడటానికి దీన్ని మొదలుపెట్టాడు. 2003లో బయటికి వచ్చింది. ఆయన 2012లో చనిపోయాడు. అప్పట్లో అందరికీ అలవాటైన మ్యాట్‌ల్యాబ్ పద్ధతిలోనే రాయగలిగేలా పైప్లాట్ అనే భాగాన్ని పెట్టారు. మనం పిఎల్‌టి అని పిలుచుకునేది అదే. అందులో 'గీయి' అంటే ఎక్కడ గీయాలో చెప్పనక్కర్లేదు. ప్రస్తుతం ఏ గ్రాఫ్ చేతిలో ఉందో దానిమీదే గీస్తుంది. చిన్న పనికి ఇది హాయి. రెండు మూడు గ్రాఫ్‌లు కలిసినచోట తంటా మొదలవుతుంది. పాలమూరు వర్షపాతం గీసి, దాని తర్వాత నల్గొండది గీస్తే రెండూ ఒకే పెట్టెలో పడతాయి. టైటిల్ ఒక గ్రాఫ్‌కు పెడదామనుకుంటే ఇంకోదానికి పడుతుంది.

దీనికి విరుగుడుగా మొదటి రోజు నుంచే సబ్‌ప్లాట్స్‌తో మొదలుపెట్టమని నా పిల్లలకు చెప్తాను. అది రెండు వస్తువులు ఇస్తుంది. ఒకటి ఫిగర్, అంటే మొత్తం కాగితం. రెండోది యాక్సీస్, అంటే ఆ కాగితం మీద గీతలు పడే ఒక పెట్టె. దీన్ని యాక్సిస్‌తో కలపొద్దు. యాక్సిస్ అంటే ఆ పెట్టెకు ఉండే ఒక్క స్కేలు మాత్రమే. పేర్లు ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఇంటర్నెట్‌లో జవాబులు చదివేటప్పుడు సగం గందరగోళం ఇక్కడే వస్తుంది. 'ఈ పెట్టెలో గీయి' అని పేరు పెట్టి చెప్పడం మొదలైతే గ్రాఫ్ మీద గ్రాఫ్ పడటం ఆగిపోతుంది. మండలానికో గ్రాఫ్ చొప్పున లూప్‌లో గీసేవాళ్లకు '20 కంటే ఎక్కువ ఫిగర్లు తెరిచారు' అని హెచ్చరిక వస్తుంది. గీసి సేవ్ చేసిన ప్రతి ఫిగర్‌నూ క్లోజ్ చేయాలి, లేకపోతే మెమరీ నిండుతుంది.

జూపిటర్ నోట్‌బుక్‌లో (కోడ్‌ను ముక్కలు ముక్కలుగా నడిపే చోటు) పనిచేసేవాళ్లకు ఒక వింత ఎర్రర్ వస్తుంటుంది. 'స్ట్రింగ్ ఆబ్జెక్ట్‌ను కాల్ చేయలేం' అంటుంది. టైటిల్ పెట్టే లైను నూటికి నూరుపాళ్లు సరిగ్గానే ఉంటుంది, అయినా రాదు. అంతకుముందు ఎప్పుడో పిఎల్‌టి.టైటిల్ పక్కన బ్రాకెట్ల బదులు ఈక్వల్ గుర్తు పెట్టి ఉంటారు. దాంతో టైటిల్ పెట్టే పనిముట్టు పోయి ఆ చోట ఒక వాక్యం కూర్చుంది. లైను దిద్దినా నోట్‌బుక్ జ్ఞాపకంలో పాతదే ఉంటుంది. కర్నెల్‌ను, అంటే వెనక నడుస్తున్న పైథాన్‌ను, రీస్టార్ట్ చేస్తే పోతుంది. అర్ధరాత్రి దాకా దీంతో కొట్టుకున్న పిల్లలను చూశాను.

అసలు గ్రాఫే కనిపించకపోవడం మీద ఎక్కువ చెప్పను. స్క్రిప్టులో షో పిలవలేదేమో చూడాలి. 'నాన్ ఇంటరాక్టివ్, చూపించలేను' అని హెచ్చరిక వస్తే, తెర లేని సర్వర్‌లోనో అలాంటి చోటో నడుస్తోందని అర్థం. బొమ్మ గీసే బ్యాకెండ్ అనే లోపలి భాగం ఉంది, కిటికీ తెరిచేది లేదు. ఫైల్‌గా సేవ్ చేసుకుంటే చాలు. సేవ్ చేసిన ఫైల్ తెల్లగా వస్తే, షో తర్వాత సేవ్ పెట్టారన్నమాట. కిటికీ మూసేసరికి పాత ఫిగర్ పోయి, ఖాళీదే సేవ్ అవుతుంది. వరుస మార్చండి. ఇన్‌స్టాల్ చేసినా మాడ్యూల్ దొరకలేదంటే కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు ఉండొచ్చు. ఏ పైథాన్‌తో నడుపుతున్నారో దానితోనే, పైథాన్ మైనస్ ఎం పిప్ అని మొదలుపెట్టి ఇన్‌స్టాల్ చేయాలి. మీ ప్రోగ్రాం ఫైలుకే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అని పేరు పెట్టుకుంటే పైథాన్ అసలు లైబ్రరీని వదిలేసి మీ ఫైల్‌నే తెరుస్తుంది. పేరు మార్చాలి. పాత పాఠాల్లో సీబార్న్ అని స్టైల్ పెట్టినవి ఇప్పుడు పనిచేయవు. 3.6 వెర్షన్‌లో ఆ పేర్లు మార్చి, 3.8లో పాతవి తీసేశారు. 'ఎక్స్, వై పొడవులు కలవలేదు, 12, 11' అంటే ఒక నెల లెక్క ఎక్కడో జారిపోయిందని. ఇవన్నీ గట్టిగా అరిచే తప్పులు. సందేశంలో చివరి లైను నింపాదిగా చదివితే దారి దొరుకుతుంది.

పేర్లు జారిపోవడం మాత్రం మళ్లీ చప్పుడు లేని రకమే. స్కేలు మీద గుర్తులు ఎక్కడెక్కడ ఉండాలో చెప్పకుండా సెట్_ఎక్స్‌టిక్‌లేబుల్స్‌తో ఊర్ల పేర్లు అంటిస్తే, మ్యాట్‌ప్లాట్‌లిబ్ తాను ఎంచుకున్న గుర్తులకు వరుసగా పేర్లు వేసుకుంటూ పోతుంది. అది రెండు ఊర్లకో గుర్తు పెట్టి ఉండొచ్చు. అప్పుడు దేవరకొండ పేరు మిర్యాలగూడ చుక్క కింద పడుతుంది. గ్రాఫ్ వస్తుంది, ఒక హెచ్చరిక కూడా వస్తుంది. కానీ హెచ్చరికలు చదివే అలవాటు మనకు తక్కువ. సెట్_ఎక్స్‌టిక్స్‌కే స్థానాలు, పేర్లు రెండూ కలిపి ఇస్తే ఈ బాధ లేదు. ఊర్లు ఎక్కువైతే నిలువు బార్ల కంటే అడ్డం బార్లు మేలు. పేర్లు మెడ వంచకుండా చదవొచ్చు. అంచుల్లో పేర్లు తెగిపోతుంటే సబ్‌ప్లాట్స్‌కు లేఅవుట్ కన్‌స్ట్రెయిన్డ్ అని ఇవ్వండి.

పెద్ద అంకెల సంగతి ఒకటి చెప్పాలి. అలంపూర్ మునిగిన 2009 అక్టోబర్ వరద గుర్తుంది కదా, అప్పుడు శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. దాన్ని గీస్తే స్కేలు మీద 0.5, 1.0, 1.5, 2.0, 2.5 అని ఉంటుంది. పైన మూల మీద చిన్నగా '1ఇ6' అని. అంటే ప్రతి అంకెనూ 10 లక్షలతో హెచ్చించుకోవాలని. రిపోర్టులో అతికించేటప్పుడు ఆ మూల కత్తిరించుకుపోతే చదివేవాడికి రెండున్నర క్యూసెక్కుల కాలువ కనిపిస్తుంది. టిక్‌లేబుల్_ఫార్మాట్‌లో స్టైల్ ప్లెయిన్ అంటే పూర్తి అంకెలు వస్తాయి. నాకు నచ్చేది ఇంకోటి. ఫంక్‌ఫార్మాటర్ అనే దానితో విలువను లక్షతో భాగించి, స్కేలు పక్కన 'లక్షల క్యూసెక్కులు' అని రాయడం. మన రైతు, మన ఇంజనీరు మాట్లాడుకునేది లక్షల్లోనే.

అట్లా తెలుగులో రాయబోతే చివరి చిక్కు ఎదురవుతుంది. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి. 'గ్లిఫ్ 3112, తెలుగు అక్షరం న, ఫాంట్‌లో లేదు' అని హెచ్చరిక. మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనతో తెచ్చుకునే డెజావు సాన్స్ ఫాంట్‌లో తెలుగు లేదు. నోటో సాన్స్ తెలుగు లాంటిది దించుకుని, యాడ్‌ఫాంట్‌తో ఆ ఫైల్ దారి చూపించి, ఫాంట్ ఫ్యామిలీలో దాని పేరు పెడితే డబ్బాలు పోతాయి. 3.6 నుంచి ఫాంట్ల జాబితా కూడా ఇవ్వొచ్చు. మొదటి దాంట్లో లేని అక్షరాన్ని రెండో దాంట్లో వెతుకుతుంది. కొత్త ఫాంట్ కంప్యూటర్‌లో వేసినా కనపడలేదంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్ పాత ఫాంట్ల జాబితాను దాచుకుని వాడుతోందని. ఆ క్యాష్ ఫైల్ తీసేస్తే మళ్లీ తయారు చేసుకుంటుంది.

చాలామంది ఇక్కడ ఆగి, పని అయిపోయిందనుకుంటారు. 'నీరు', 'వాన' లాంటి మాటలు దాదాపు సరిగ్గానే కనిపిస్తాయి. 'నల్గొండ' రాసి చూడండి. లకు ఒత్వం పట్టి, గ కింద వత్తుగా దిగాలి. గ్రాఫ్‌లో మాత్రం ల, పొల్లు, గ, ఒత్వం విడివిడిగా పక్కపక్కన నిలబడతాయి. ఫాంట్ తప్పు కాదిది. తెలుగు అక్షరాలను ఒకదానికొకటి అతికించి గుణింతాలు, వత్తులు కూర్చే పని వేరే ఉంటుంది. బ్రౌజర్లు, ఫోన్లు ఆ పని చేస్తాయి. మన దగ్గర మామూలుగా వాడే మ్యాట్‌ప్లాట్‌లిబ్ వెర్షన్లు బొమ్మగా గీసేటప్పుడు చేయవు, ఒక్కో గుర్తునూ వరుసగా పేర్చుకుంటూ పోతాయి. ఎంపిఎల్‌కైరో అనే విడి బ్యాకెండ్ ఆ కూర్పు చేస్తుంది, కాకపోతే దాన్ని అన్ని మెషీన్లలో ఎక్కించడం అంత తేలిక కాదు.

నేను పిల్లలతో చేయించేది సులువైన దారి. ఎస్‌విజి అనే, బ్రౌజర్‌లో తెరుచుకునే బొమ్మ ఫైల్‌గా సేవ్ చేయిస్తాను. దానికి ముందు మ్యాట్‌ప్లాట్‌లిబ్ సెట్టింగ్‌ల జాబితా అయిన ఆర్‌సి‌పారామ్స్‌లో ఎస్‌విజి.ఫాంట్‌టైప్‌కు నన్ అని పెట్టిస్తాను. నన్ అనే మాటను కోట్స్‌లో రాయాలి. అప్పుడు మ్యాట్‌ప్లాట్‌లిబ్ అక్షరాలను బొమ్మలుగా గీయకుండా రాతగానే ఫైల్‌లో వదిలేస్తుంది. ఫైల్‌ను బ్రౌజర్‌లో తెరిస్తే కూర్పు పని బ్రౌజర్ చూసుకుంటుంది. తెరిచే కంప్యూటర్‌లో ఆ తెలుగు ఫాంట్ ఉండాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ పేరు పొడవును విడి అక్షరాలతో కొలిచింది కాబట్టి ఒక్కోసారి పేర్లు కొంచెం పక్కకు జరుగుతాయి. అంచు దగ్గర కాస్త ఎక్కువ ఖాళీ వదిలితే సరిపోతుంది. అక్కడి నుంచి పిడిఎఫ్‌గా ప్రింట్ తీసుకోవచ్చు.

ఫ్లోరైడ్ ప్రాజెక్టు అమ్మాయి కాలమ్‌ను అంకెలుగా మార్చి, బార్లను అడ్డంగా పెట్టి, ఎర్ర గీతను నిలువుగా 1.5 దగ్గర నిలబెట్టింది. 3.4 ఉన్న ఊరు గీత దాటి దూరంగా వెళ్లింది. బిడిఎల్ ఊరికి ఖాళీ చుక్క, కింద ఒక వాక్యం. తర్వాత ఎస్‌విజి తీసి బ్రౌజర్‌లో తెరిచింది. మర్రిగూడలో ర వత్తు సరిగ్గా కిందికి దిగింది. "ఇగో సార్, మా ఊరి పేరు మంచిగ వచ్చింది" అని స్క్రీన్ నా వైపు తిప్పింది.